యూనివర్సిటీ అన్న బోర్డు వెనక

ఏటా వేసవి మొదలయ్యేసరికి నా వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ల ఫోటోలు వచ్చి పడుతుంటాయి. పంపేది ఒకసారి మా పెదనాన్న మనవడు, ఒకసారి మా ఆవిడ తరఫు చుట్టాలబ్బాయి, ఇంకోసారి నాకు ముఖపరిచయం కూడా లేని ఎవరి తమ్ముడో. చాలా ఏళ్లుగా ఇంగ్లండులో, మిడ్‌లాండ్స్‌లో ఉంటున్నాను కాబట్టి ఇక్కడి యూనివర్సిటీలన్నీ నాకు కొట్టినపిండి అని వాళ్ల నమ్మకం. ఫోటో కింద ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: "బాబాయ్, ఇది రసెల్ గ్రూపేనా?" (రసెల్ గ్రూపంటే పరిశోధన ఎక్కువగా చేసే 24 యూనివర్సిటీల సంఘం.) కాదంటే ఉసూరుమంటారు. అవునంటే ఇక కోర్సులో ఏం చెబుతారో, ఆ ఊళ్లో బతకడానికి ఎంతవుతుందో మాట్లాడే పని కూడా ఉండదు.

అడగకూడని ప్రశ్నేం కాదది. దాంతో తెలిసేది చాలా తక్కువని నా బాధ.

బ్రిటన్‌లో యూనివర్సిటీలను ఏన్షియెంట్ (ఆక్స్‌ఫర్డ్ లాంటి బాగా పాతవి), రెడ్‌బ్రిక్, ప్లేట్‌గ్లాస్, పోస్ట్-92 (1992లో యూనివర్సిటీలైన పాత పాలిటెక్నిక్కులు) అంటూ రకాలుగా చెప్పుకుంటారు. ఇవి ప్రభుత్వం ఇచ్చిన గ్రేడ్లు కావు. ఎప్పుడు పుట్టాయి, ఎవరి డబ్బుతో పుట్టాయి, ఎవరి పిల్లలకి ఏ పని నేర్పడానికి పుట్టాయి అన్నదాన్నిబట్టి జనం పెట్టుకున్న పేర్లు. మొదట్లో ఇవి పనుల మధ్య తేడాలు. 1992లో అందరినీ ఒకే గాటన కట్టాక హోదాల మధ్య తేడాలైపోయాయి. మన పిల్లలు లక్షలు పోసి కొంటున్నది ఎక్కువగా ఆ హోదానే అని నేనంటాను. ఎందుకంటానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆక్స్‌ఫర్డ్‌లో 1096 నాటికే పాఠాలు నడుస్తున్నాయంటారు. 1209లో ఊరివాళ్లతో గొడవలై కొందరు పంతుళ్లు, విద్యార్థులు కేంబ్రిడ్జికి తరలిపోయారు. ఆ తర్వాత దాదాపు ఆరు వందల ఏళ్లు ఇంగ్లండులో మూడో యూనివర్సిటీ నిలబడలేదు. నిలబడనివ్వలేదు అనడమే సబబు. 1330లలో ఆక్స్‌ఫర్డ్ నుంచి కొందరు విడిపోయి స్టామ్‌ఫర్డ్ అనే ఊళ్లో పాఠాలు మొదలుపెడితే రాజుగారి చేత మూయించారు. అక్కడితోనూ ఊరుకోలేదు. స్టామ్‌ఫర్డ్‌లో పాఠం చెప్పబోమని ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుల చేత ప్రమాణం చేయించే ఆచారం 1827 దాకా సాగింది! పోటీ అంటే అంత భయం. అవతల స్కాట్లండులో, అంత చిన్న దేశంలో, పదహారో శతాబ్దం ముగిసేసరికే సెయింట్ ఆండ్రూస్, గ్లాస్గో, అబర్డీన్, ఎడిన్‌బరా పనిచేస్తున్నాయి. "బ్రిటన్ చదువు" అంటూ మనం ఇంగ్లండు సంగతులే చెప్పుకుంటాం గానీ స్కాట్లండుది మొదటినుంచీ వేరే దారి. ఇప్పటికీ అక్కడ ఆనర్స్ డిగ్రీ నాలుగేళ్లు, ఇంగ్లండులో మూడేళ్లు.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల తలుపులు కూడా అందరికీ తెరిచి లేవు. ఆంగ్లికన్ చర్చి సిద్ధాంతాలకు ఒప్పుకుంటే తప్ప 1850ల దాకా అక్కడ డిగ్రీ చేతికి రాదు. క్యాథలిక్కులు, మెథడిస్టులు, యూదులు బయటే. ఆడవాళ్ల సంగతి మరీ ఘోరం: ఆక్స్‌ఫర్డ్ వాళ్లకి డిగ్రీలివ్వడం 1920లో మొదలుపెడితే, కేంబ్రిడ్జి 1948 దాకా ఇవ్వలేదు. హైదరాబాదు నుంచి నిజాం స్కాలర్‌షిప్పు మీద వెళ్లిన సరోజినీ నాయుడు లండన్ కింగ్స్ కాలేజీలోనూ, కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలోనూ చదివారు. గిర్టన్‌లో ఉండి అన్ని పరీక్షలూ రాసినా ఆవిడకి కేంబ్రిడ్జి డిగ్రీ దక్కేది కాదు. పోస్ట్-92 అనగానే పెదవి విరిచేవాళ్లకి ఈ సంగతి ఒకసారి గుర్తుచేయాలనిపిస్తుంది.

ఈ మూసిన తలుపులకి జవాబుగా 1826లో లండన్‌లో మతంతో పనిలేని కాలేజీ ఒకటి పెట్టారు. ఇప్పటి యూనివర్సిటీ కాలేజ్ లండన్ అదే. దేవుడు లేని కాలేజీ అని తిట్టి, పోటీగా చర్చి మద్దతుతో 1829లో కింగ్స్ కాలేజీ పెట్టారు. రెండింటి విద్యార్థులకీ పరీక్షలు పెట్టి డిగ్రీలివ్వడానికి 1836లో యూనివర్సిటీ ఆఫ్ లండన్ వచ్చింది. అది పాఠాలు చెప్పదు, పరీక్షలు మాత్రమే పెడుతుంది. 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి యూనివర్సిటీలను పెట్టినప్పుడు ఇంగ్లీషువాళ్లు మనకి తెచ్చిచ్చిన నమూనా ఇదే. చదివేది ఒకచోట, హాల్ టికెట్టు వచ్చేది ఇంకోచోట అనే మన అఫిలియేటెడ్ కాలేజీల బతుకు అక్కడ మొదలైంది. బ్రిటన్‌లోనూ ఇది త్వరగా పోలేదు లెండి. ఎక్సెటర్, హల్, లెస్టర్ కాలేజీల్లో చదివినవాళ్లు 1950ల దాకా లండన్ డిగ్రీలే పుచ్చుకున్నారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తర్వాతి ఘట్టం. ఫ్యాక్టరీల ఊళ్లు తమ డబ్బుతో తాము కాలేజీలు కట్టుకున్న కాలం. మాంచెస్టర్‌లో జాన్ ఓవెన్స్ అనే నూలు వ్యాపారి రాసిపెట్టిపోయిన ఆస్తితో 1851లో ఓవెన్స్ కాలేజీ వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో పెన్ను పాళీలు చేసి కోటీశ్వరుడైన జోసయ్య మేసన్ సైన్సు కాలేజీ పెట్టాడు. షెఫీల్డ్‌లో ఉక్కు వ్యాపారి మార్క్ ఫర్త్ మొదలుపెడితే, దాన్ని యూనివర్సిటీ చేయడానికి కొలిమి దగ్గర పనిచేసే కూలీలు పెన్నీ పెన్నీ చందాలిచ్చారు. బ్రిస్టల్‌కి విల్స్ కుటుంబం సిగరెట్ల డబ్బు, నాటింగ్‌హామ్‌కి జెస్సీ బూట్ మందుల షాపుల డబ్బు. ఇక్కడ ప్రతి వీధి మొగలో కనిపించే బూట్స్ దుకాణాల వ్యాపారాన్ని పెంచింది ఆయనే. 1900లో బర్మింగ్‌హామ్‌తో మొదలై లివర్‌పూల్, మాంచెస్టర్, లీడ్స్, షెఫీల్డ్, బ్రిస్టల్ 1909 కల్లా పూర్తి యూనివర్సిటీలయ్యాయి. వీటికి రెడ్‌బ్రిక్ అన్న పేరు తర్వాతెప్పుడో వచ్చింది. లివర్‌పూల్‌లో స్పానిష్ చెప్పే ఎడ్గర్ అలిసన్ పీర్స్ అనే ప్రొఫెసరు మారుపేరుతో రాసిన పుస్తకం 1943లో రావడంతో అది జనంలోకి వెళ్లింది.

ఈ ఎర్ర ఇటుకల భవనాల్లో ఏం నేర్పేవారో చూడండి. లీడ్స్‌లో బట్టల నేత, అద్దకం, తోళ్లు శుద్ధిచేయడం. బర్మింగ్‌హామ్‌లో లోహాలు, గనులు, బీరు కాచడం. అవును, బీరు కాచడానికి ప్రత్యేకంగా ఒక శాఖ ఉండేది. లాటిన్, గ్రీకు చదివినవాళ్లకి ఇదంతా నవ్వులాట. తోళ్లకి, బీరుకి డిగ్రీ ఏమిటని వేళాకోళం. అలా నవ్వించుకున్న లీడ్స్, బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ ఈరోజు రసెల్ గ్రూపు సభ్యులు. మావాళ్లు "టాప్" అంటున్నది వీటినే. ఇప్పటి మాంచెస్టర్ యూనివర్సిటీ అయితే 2004లో రెండు సంస్థల కలయిక. అందులో ఒకదాని మూలం 1824లో పనివాళ్లకి సాయంత్రాలు చదువు చెప్పడానికి పెట్టిన మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్. ఊరికి కావలసిన పని నేర్పడమే పుట్టుకలో ఉన్న లోపమైతే, ఈ పెద్దపేర్లన్నీ ఆ లోపంతో పుట్టినవే.

1960లను తొందరగా దాటేస్తాను. అప్పట్లో బ్రిటన్ మొత్తం మీద పూర్తికాలం పైచదువులు చదివేవాళ్లు 2 లక్షల 16 వేల మందే. అర్హత ఉన్న ప్రతివాడికీ సీటు ఉండాలని 1963లో రాబిన్స్ కమిటీ చెప్పింది. అప్పటికే ఊళ్ల శివార్లలో, పచ్చిక మైదానాల్లో కొత్తవి లేస్తున్నాయి. సస్సెక్స్, యార్క్, ఈస్ట్ ఆంగ్లియా, లాంకస్టర్, ఎసెక్స్, కెంట్, వారిక్. కాంక్రీటు, పెద్ద పెద్ద అద్దాలు, అందుకే ప్లేట్‌గ్లాస్. టెక్నాలజీ కాలేజీలుగా ఉన్న లాఫ్‌బరా, బాత్, ఆస్టన్, సర్రే లాంటివీ ఆ దశాబ్దంలోనే యూనివర్సిటీలయ్యాయి. 1969లో ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది. ముందు ఏ పరీక్షా పాసవకపోయినా పర్వాలేదు, చేరవచ్చు. దాని ప్రభావం మన దాకా వచ్చింది: దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని 1982లో హైదరాబాదులో పెట్టారు, ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ డిగ్రీ తెచ్చుకున్న ఎన్ని వేలమందికి అది దిక్కైందో తెలుగు ఇళ్లలో చెప్పనక్కర్లేదు.

అసలు కథ పాలిటెక్నిక్కులది. పదో తరగతి అయ్యాక పాలీసెట్ రాసి చేరే మన డిప్లొమా కాలేజీలనుకోకండి. 1965లో విద్యామంత్రి ఆంథొనీ క్రాస్‌లాండ్ లండన్‌లోని వుల్విచ్ పాలిటెక్నిక్‌లో ఒక ప్రసంగం చేశాడు. పైచదువులు రెండు పాయలుగా ఉండాలన్నాడు. ఒక పాయ యూనివర్సిటీలు: తమ డిగ్రీలు తామే ఇచ్చుకునేవి, స్వతంత్రమైనవి. రెండో పాయ స్థానిక కౌన్సిళ్ల కింద నడిచేవి, ఊరి పరిశ్రమలకీ ఊరి జనానికీ జవాబుదారీగా ఉండేవి. ఆ రెండో పాయలో ముప్పైకి పైగా పాలిటెక్నిక్కులు తయారయ్యాయి. వాటి డిగ్రీలను దేశమంతటికీ ఒకటిగా ఉన్న ఒక కౌన్సిల్ ఇచ్చేది. కోర్సు గట్టిగా ఉందా లేదా అని బయటి నిపుణులు వచ్చి నిలదీస్తే గానీ అనుమతి వచ్చేది కాదు. పీహెచ్‌డీ దాకా అన్నీ ఉండేవి. పగలు పని చేసి సాయంత్రం చదివేవాళ్లూ, వారానికి ఒకరోజు కంపెనీ పంపిస్తే వచ్చేవాళ్లూ, మధ్యలో ఏడాది జీతం మీద ఫ్యాక్టరీలో పనిచేసే శాండ్‌విచ్ కోర్సుల వాళ్లూ అక్కడ కనిపించేవారు. నేను చదివింది కూడా ఒకప్పుడు పాలిటెక్నిక్‌గా ఉన్న చోటే. నాకు మెషీన్ డిజైన్ చెప్పినాయన సగం జీవితం గేర్‌బాక్సుల ఫ్యాక్టరీలో గడిపాడు. ఆయన పేరు మీద పెద్దగా పేపర్లు లేవు. కానీ ఒక పళ్లచక్రం ఎందుకు విరిగిందో విరిగిన ముక్క చూసి చెప్పేవాడు.

1992లో జాన్ మేజర్ ప్రభుత్వం చట్టం తెచ్చి ఈ రెండు పాయల్నీ కలిపేసింది. పాలిటెక్నిక్కులన్నీ యూనివర్సిటీలు కావచ్చు, సొంత డిగ్రీలు ఇచ్చుకోవచ్చు. ఇందులో న్యాయం లేకపోలేదు. రెండో తరగతి పౌరుల్లా చూడటం అన్యాయమే, డిగ్రీలిచ్చే అర్హత వాళ్లు ఎప్పుడో సంపాదించుకున్నారు. కానీ గౌరవం దక్కాలంటే పేరు మార్చుకోవాల్సిందే అని ప్రభుత్వమే చెప్పినట్టయింది. పాలిటెక్నిక్‌గా ఉంటూనే మొదటి తరగతి కావడం అన్న దారి ఆ రోజుతో మూసుకుపోయింది.

పేర్ల వేట చూడాల్సిందే. లెస్టర్‌లో లెస్టర్ యూనివర్సిటీ ముందే ఉంది కాబట్టి అక్కడి పాలిటెక్నిక్ పదమూడో శతాబ్దపు జమీందారు సైమన్ డి మాంట్‌ఫర్ట్ పేరు ఎత్తుకుని డి మాంట్‌ఫర్ట్ యూనివర్సిటీ అయింది. లివర్‌పూల్‌లో ఫుట్‌బాల్ పందేల మీద ఎదిగిన లిటిల్‌వుడ్స్ అధిపతి జాన్ మూర్స్ పేరు. నాటింగ్‌హామ్ ట్రెంట్‌కి నది పేరు. ఆక్స్‌ఫర్డ్ పాలిటెక్నిక్ తన పాత ప్రిన్సిపాల్ పేరు కలుపుకుని ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ అయింది. సీటొచ్చిందని ఊళ్లో ఫ్లెక్సీ కట్టేవాళ్లు ఇందులో మొదటి మాట పెద్దగా, రెండో మాట చిన్నగా వేయించిన సందర్భాలు లేవని నేను అనను.

బోర్డులన్నీ ఒకటయ్యాక రెండేళ్లకే, 1994లో, పదిహేడు యూనివర్సిటీలు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నాయి. లండన్ రసెల్ స్క్వేర్‌లోని హోటల్ రసెల్‌లో సమావేశమయ్యేవారు కాబట్టి రసెల్ గ్రూపు. హోటలు పేరే! పరిశోధన ఎక్కువగా చేసే యూనివర్సిటీలు ప్రభుత్వంతో నిధుల గురించి ఒక్క గొంతుతో మాట్లాడటానికి పెట్టుకున్న సంఘం అది. అర్హత పరీక్ష లేదు, తనిఖీ అధికారి లేడు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండని వారిక్ మొదటినుంచీ ఉంది, ఆరు వందల ఏళ్ల సెయింట్ ఆండ్రూస్ ఇప్పటికీ లేదు. 2012లో డరమ్, ఎక్సెటర్, క్వీన్ మేరీ, యార్క్ చేరాక సంఖ్య 24 అయింది. ముందురోజు రాత్రి యార్క్‌లో చెడ్డగా ఉన్న పాఠం మర్నాటికి మంచిదైపోలేదు కదా. బాత్, లాఫ్‌బరా, లాంకస్టర్ ఇందులో లేవు. ఇక్కడి కంపెనీల్లో వాటిని చిన్నచూపు చూసేవాడు నాకు తగల్లేదు.

ర్యాంకుల పట్టికలు ఈ సంఘానికి ఊతమిచ్చాయి. ప్రపంచ ర్యాంకుల్లో పెద్ద భాగం పరిశోధనది: ఎన్ని పేపర్లు, వాటిని ఎంతమంది ఉదహరించారు, తోటి ప్రొఫెసర్లలో పేరెంత. పీహెచ్‌డీకి వెళ్లేవాడు ఇవి చూడాలి, తప్పకుండా. మనవాళ్లలో ఎక్కువమంది వచ్చేది ఒక ఏడాది ఎమ్మెస్సీకి. 180 క్రెడిట్లు, అందులో 60 ప్రాజెక్టుకి. సెప్టెంబర్లో దిగి, చలికి అలవాటుపడి, పార్ట్‌టైమ్ పని వెతుక్కుని తేరుకునేసరికి సగం కోర్సు అయిపోతుంది. ఆ పేపర్లు రాసిన పెద్ద ప్రొఫెసరు నీకు ఎదురుపడేది మెట్ల దగ్గరే కావచ్చు. ట్యుటోరియల్ చెప్పేది ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు.

డబ్బు సంగతి కూడా దాచుకోకుండా చెప్పుకోవాలి. ఇంగ్లండులో సొంత దేశపు విద్యార్థుల ఫీజు 2012లో 9,000 పౌండ్లు దాకా పెంచుకోవచ్చన్నారు. రకానికో ధర ఉంటుందని ప్రభుత్వం ఊహించింది. దాదాపు అందరూ పై అంకెకే అంటుకున్నారు. 2017లో 9,250 చేసి 2025 దాకా కదల్చలేదు, 2025లో 9,535 చేశారు. ఖర్చులు మాత్రం ఆగలేదు. ఆ లోటు పూడ్చేది విదేశీ విద్యార్థులే, ఎందుకంటే వాళ్ల ఫీజుకి హద్దు లేదు. అక్కడ మాత్రం హోదాకో రేటు పలుకుతుంది. అన్ని రకాలకీ మనం కావాలి: వంద ఏళ్ల రెడ్‌బ్రిక్‌కీ కావాలి, నిన్నటి పాలిటెక్నిక్‌కీ కావాలి. అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో కౌన్సెలింగు ఉచితం అంటే అర్థం, మీ తరఫున కమిషన్ యూనివర్సిటీ ఇస్తుందని. వీసాకి ఈ రకాలతో పనే లేదు. చదువయ్యాక ఉండి ఉద్యోగం వెతుక్కోడానికిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ ఇప్పుడు రెండేళ్లు, 2027 జనవరి నుంచి ఏడాదిన్నర అని ప్రకటించారు. ఏ బోర్డు కింద చదివినా అంతే.

మరి ఏం అడగాలి? నేనైతే మొదట అడిగేది ఒకటే: యూనివర్సిటీ కాకముందు ఇది ఏమిటి? కోవెంట్రీ కార్ల ఊరు, అక్కడి పాలిటెక్నిక్ కార్లతో పెరిగింది, వాహనాల డిజైన్‌కి ఇప్పటికీ దాని పేరు చెబుతారు. ఆక్స్‌ఫర్డ్ చుట్టుపక్కల ఫార్ములా వన్ టీముల వర్క్‌షాపులున్నాయి, రేసు కార్ల ఇంజినీరింగు చదవాలంటే అడగాల్సింది బ్రూక్స్ గురించి. నార్తాంప్టన్ బూట్లు కుట్టే ఊరు, తోళ్ల టెక్నాలజీ చదువు అక్కడ పెరిగింది. డి మాంట్‌ఫర్ట్‌లో లోదుస్తుల డిజైనింగు కోర్సు ఉందంటే మనవాళ్లు నవ్వుతారు, లెస్టర్ అల్లికల మిల్లుల ఊరని తెలిస్తే నవ్వరు. హైదరాబాదు స్టూడియోల్లో గ్రాఫిక్స్ చేసే కుర్రాడికి బోర్న్‌మత్‌లోని కంప్యూటర్ యానిమేషన్ కేంద్రం పేరు తెలిసే ఉంటుంది. డండీలోని అబర్టే 1997లోనే కంప్యూటర్ గేమ్స్ డిగ్రీ పెట్టింది. క్రాన్‌ఫీల్డ్‌లో బీటెక్ స్థాయి విద్యార్థులు అరుదు, దాదాపు అంతా పీజీలే. 1946లో విమానాల కాలేజీగా మొదలై ఇప్పటికీ సొంత ఎయిర్‌పోర్టుతో నడుస్తోంది. అది రసెల్ గ్రూపులో లేదు కాబట్టి వద్దని ఏరోస్పేస్ అబ్బాయికి ఎవరో చెప్పారట. విని నాకు కోపమొచ్చింది.

ఆ తర్వాత అడగాల్సినవి: ఆ రంగంలోని వృత్తి సంఘం ఈ కోర్సును గుర్తించిందా? కంపెనీలో పనిచేసే ఏడాది ఉందా, ఉంటే ఆ చోటు వాళ్లు చూపిస్తారా, మనమే వెతుక్కోవాలా? క్లాసులు ఏ ఊళ్లో? ఇది చివర్న అడిగినా ముఖ్యమైనది. ఎక్కడో ఉత్తరాన ఉన్న యూనివర్సిటీ పేరు మీద లండన్‌లో ఒక ఆఫీసు బిల్డింగులో, ఇంకో ప్రైవేటు కంపెనీ చెప్పే పాఠాలు కూడా ఉంటాయి. అవన్నీ మోసాలని కాదు. కానీ ఆ యూనివర్సిటీ ల్యాబు, లైబ్రరీ, ఆ ఊరి చవక అద్దె, ఇవేవీ నీకు రావు.

నాతో వాదించేవాళ్లున్నారు. "నువ్వు ఎన్ని చెప్పు, రేపు హైదరాబాదులో హెచ్‌ఆర్‌కి తెలిసేది పేరే" అంటాడు మా బావమరిది. నిజమే. లండన్‌లో పెద్ద లా ఫర్ములు, ఇన్వెస్ట్‌మెంటు బ్యాంకులు కూడా పేరు చూస్తాయి. ఆక్స్‌ఫర్డ్ సీటొస్తే వదులుకోమని నేను ఎవరికీ చెప్పను. పరిశోధన వైపు పోయేవాడికి లీడ్స్, మాంచెస్టర్ ల్యాబులు చిన్న విషయం కాదు. కానీ రసెల్ గ్రూపులో తనకి పనికిరాని కోర్సుకి దాదాపు రెట్టింపు ఫీజు కట్టి, లోను భారం నెత్తిన పెట్టుకుని వచ్చినవాడికి హెచ్‌ఆర్ పలకరింపుతో వడ్డీ తీరదు. మా బావమరిదికి ఈ మాట కూడా చెప్పాను. ఒప్పుకోలేదు.

ఈ మధ్య ఒక విచిత్రం జరిగింది. క్రాస్‌లాండ్ రెండు పాయల ప్రసంగం చేసిన వుల్విచ్ పాలిటెక్నిక్ చేతులు మారి, పేర్లు మారి 1992లో గ్రీనిచ్ యూనివర్సిటీ అయింది. ఆ ప్రసంగం చేసిన 1965లోనే అటు కెంట్ యూనివర్సిటీ మొదలైంది. అది అచ్చమైన ప్లేట్‌గ్లాస్, మొదటి పాయ. 2025 సెప్టెంబరులో ఈ రెండూ ఒకే యాజమాన్యం కిందకి వస్తున్నామని ప్రకటించాయి. విద్యార్థులు మాత్రం కెంట్‌కి విడిగా, గ్రీనిచ్‌కి విడిగా దరఖాస్తు చేసుకోవచ్చట. డిగ్రీల మీద పాత పేర్లే ఉంటాయట. 1992లో యాజమాన్యాలు వేరుగా ఉంచి బోర్డు ఒకటి చేశారు, ఇప్పుడు యాజమాన్యం ఒకటి చేసి బోర్డులు వేరుగా ఉంచుతున్నారు. ఇంకొన్ని కూడా ఇదే దారి పడితే, ప్లేట్‌గ్లాస్ అని ఒక గడిలో, పోస్ట్-92 అని ఇంకో గడిలో వేసి కన్సల్టెన్సీల వాళ్లు ఇస్తున్న పట్టికలు మళ్లీ అచ్చు వేయించుకోవాలి.